పొల్లు కోసం ఒక కీ: ఇంట్లో మెకానికల్ కీబోర్డు కడుతున్న డైరీ

శనివారం, లేఅవుట్

చాలామందికి సొంత కీబోర్డు కోరిక శబ్దం దగ్గరో రంగుల దగ్గరో మొదలవుతుంది. నాకు మాత్రం ఒక కీ లేకపోవడం దగ్గర మొదలైంది. నేను రోజూ తెలుగులో టైప్ చేస్తాను, అదీ ఇన్‌స్క్రిప్ట్‌లో. 1986లో ప్రామాణికంగా వచ్చిన ఈ లేఅవుట్‌లో అచ్చులూ గుణింతాల గుర్తులూ ఎడమచేతి కింద ఉంటాయి, హల్లులు చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి, కాబట్టి రెండు చేతులూ వంతులేసుకుని పనిచేస్తాయి. క ఉన్న కీకి షిఫ్ట్ కలిపితే ఖ, గ కీకి ఘ, త కీకి థ. ఒకసారి చేతికి పడితే కిందకి చూడాల్సిన పనే ఉండదు. నాకు చాలా ఇష్టమైన లేఅవుట్ ఇది.

ఇబ్బందల్లా పదం మధ్యలో వచ్చే పొల్లుతోనే. సాఫ్ట్‌వేర్ అని రాయాలంటే ట తర్వాత పొల్లు గుర్తు కొట్టి వ కొడితే ఆ రెండూ కలిసిపోయి వ కాస్తా వత్తుగా పడుతుంది. అలా కలవకుండా ఆపాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పెట్టాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ నంబరు 200సి. ఫేస్‌బుక్, పాస్‌వర్డ్, ఇన్‌స్క్రిప్ట్, ఇలా మనం రోజూ రాసే పదాల్లో సగానికి ఇది కావాలి, కానీ మామూలు కీబోర్డు మీద దానికి చోటు లేదు, రెండు మూడు కీలు కలిపి నొక్కాలి. చాలామంది అందుకే వదిలేస్తారు, వత్తులు పడిన పదాలే అచ్చులోకి కూడా వెళ్లిపోతుంటాయి. నాకు అది చూస్తే మనసు ఒప్పదు.

కాబట్టి ఈ బోర్డు పని ఒక్కటే: బొటనవేలితో ఒక కీ నొక్కితే పొల్లు గుర్తూ, ఆ కనపడని అక్షరమూ రెండూ కలిసి పడాలి. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

60 శాతం సైజు, అంటే నంబర్ ప్యాడ్, బాణాల కీలు, పై ఎఫ్ కీల వరస లేని చిన్న బోర్డు, ఎంచుకున్నాను. మామూలుగా అందులో 61 కీలు ఉంటాయి. 6.25 యూనిట్ల (ఒక మామూలు అక్షరం కీ వెడల్పు ఒక యూనిట్) స్పేస్‌బార్‌ని 2.25, 1.25, 2.75గా మూడు ముక్కలు చేశాను, దాంతో 63 అయ్యాయి. ఎడమ ముక్క బ్యాక్‌స్పేస్, కుడి ముక్క స్పేస్, మధ్యలోది పొల్లు కీ. తెలుగులో బ్యాక్‌స్పేస్ అవసరం ఇంగ్లిష్‌లో కంటే ఎక్కువ, ఎందుకంటే ఒక సంయుక్తాక్షరం వెనక మూడు నాలుగు కోడ్‌లు ఉంటాయి, చాలా ప్రోగ్రాముల్లో ఒక్కో నొక్కుకి ఒక్కోటే చెరుగుతుంది. అంత పని చేసే కీ చిటికెన వేలికి దూరంగా మూలన ఉండటం ఎప్పుడూ అన్యాయంగానే అనిపించేది. క్యాప్స్ లాక్ చోట ఫంక్షన్ కీ పెట్టాను, తెలుగులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు కదా. కింది వరసలో కుడివైపు రెండు కీలు, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లిష్. ఆ రెండూ వేర్వేరుగా ఎందుకో ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రాం) దగ్గర చెప్తాను.

బుధవారం, ప్లేటు

ఒక కీ మధ్యనుంచి పక్క కీ మధ్యకు 19.05 మిల్లీమీటర్లు. స్విచ్ దిగే రంధ్రం 14 మిల్లీమీటర్ల చదరం. ఈ రెండు అంకెలు గుర్తుంటే ప్లేటు సగం గీసినట్టే, మిగతాది వెడల్పు కీలు ఒరగకుండా రెండు చివరలనీ తీగతో కలిపే స్టెబిలైజర్ల కోతలు. 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం మీద లేజర్ కటింగ్ చేయించాను. మందం విషయంలో మాత్రం రాజీ పడకండి, స్విచ్ పక్కనుండే కొక్కెం సరిగ్గా 1.5 మందానికే పట్టేలా చేసి ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ వాడితే కొక్కెం పట్టదు, కీక్యాప్ లాగిన ప్రతిసారీ స్విచ్ కూడా ఊడి వస్తుంది.

ఇది సర్క్యూట్ బోర్డు లేకుండా చేతితో వైరింగ్ చేస్తున్న కీబోర్డు, అంటే స్విచ్‌లని పట్టుకునేది ప్లేటు ఒక్కటే. మొత్తం భారం దాని మీదే. స్విచ్‌లు బిగించాక కొన్ని చోట్ల కొద్దిగా తిరుగుతున్నట్టు అనిపించింది, అడుగువైపు నుంచి ఒక్కో స్విచ్‌కి ఎదురెదురు మూలల్లో హాట్ గ్లూ చుక్క పెట్టాక కదలిక పోయింది.

స్విచ్‌లు

లీనియర్, అంటే ఎక్కడా అడ్డు తగలకుండా ఒకే తీరుగా దిగే రకం, తీసుకున్నాను. టాక్టైల్ స్విచ్‌లో నొక్కేటప్పుడు వేలికి తగిలే ఆ చిన్న గడ్డ ఇంగ్లిష్ టైపింగ్‌లో నాకు నచ్చుతుంది, కానీ గుణింతాలు వేగంగా పడుతున్నప్పుడు అది అడ్డుగా అనిపిస్తుంది. ఇది పూర్తిగా నా చేతి సంగతి, మీకు వేరేలా ఉండొచ్చు. చెర్రీ ఎంఎక్స్ రెడ్ తరహా లీనియర్‌లో కీ మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది, రెండు దగ్గరే కంప్యూటర్‌కి తెలిసిపోతుంది, అందుకు కావాల్సిన బలం 45 సెంటీన్యూటన్లు. బొటనవేళ్లు మాత్రం ఎప్పుడూ కీల మీద ఆనుకునే ఉంటాయి కాబట్టి మధ్య మూడు స్విచ్‌లలో స్ప్రింగులు మార్చి గట్టివి వేశాను. ఎలాగూ లూబ్ (గ్రీజు రాయడం) కోసం అన్నింటినీ విప్పుతున్నప్పుడు ఇది పెద్ద పని కాదు, తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

లూబ్ గురించి ఒక్క మాట. క్రైటాక్స్ 205జీ0 చాలా చిక్కటి గ్రీజు, సన్న బ్రష్‌తో తీసుకుని డబ్బా అంచుకి తుడిచేశాక బ్రష్ మీద మిగిలేదే సరిపోతుంది. స్టెమ్ (కీతో పాటు దిగే ముక్క) రెండు పక్కల జారే పట్టాలు, కింది హౌసింగ్‌లో అవి ఆడే గాడులు, స్ప్రింగు రెండు చివరలు, వీటికే రాశాను. మెటల్ రేకుని తాకే కాళ్లకి రాయలేదు. పని నెమ్మదిగా సాగింది, కానీ రాయని స్విచ్ ఒకటి, రాసింది ఒకటి చెవి దగ్గర పెట్టి నొక్కి చూస్తే ఎందుకు చేస్తున్నామో మళ్లీ గుర్తొస్తుంది: గరగర పోయి ఒకటే మెత్తని తాకిడి మిగులుతుంది.

స్టెబిలైజర్లు

సర్క్యూట్ బోర్డు లేదు కాబట్టి స్క్రూ బిగించే స్టెబిలైజర్లు కుదరవు, ప్లేటుకి పట్టేవే కావాలి. స్పేస్‌బార్ ముక్కలవడం వల్ల ఇక్కడ ఒక లాభం: పొడవాటి తీగ అవసరం లేదు, 2 నుంచి 2.75 యూనిట్ల కీలన్నింటికీ ఒకే చిన్న సైజు సరిపోతుంది. పై వరసలో మామూలుగా బ్యాక్‌స్పేస్ ఉండే కీ, ఎంటర్, రెండు షిఫ్ట్‌లు, బొటనవేళ్ల కింద రెండు, మొత్తం ఆరు.

ప్లేటు స్టెబిలైజర్లు గలగలమంటాయని పేరు. నిజమే, కానీ ఆ గలగలలో ఎక్కువ భాగం తీగ వంకరగా ఉండటం వల్లే. తీగని చదునైన అద్దం మీద పెట్టి ఒక చివర వేలితో తట్టండి, రెండో చివర లేస్తే అది మెలితిరిగి ఉన్నట్టు. రెండు చివరలూ సమంగా ఆనేదాకా పటకారతో సరిచేసి, తీగ చివరలకి డైఎలక్ట్రిక్ గ్రీజు బాగా పట్టించి, ప్లాస్టిక్ లోపలి గోడలకి 205జీ0 రాశాను. స్విచ్‌ల దగ్గర పిసినారితనం, ఇక్కడ ధారాళం.

ఆదివారం, డయోడ్లు, వైర్లు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

63 కీలకి 63 పిన్నులున్న చిప్పు ఎవరూ పెట్టరు. కీలని 5 అడ్డు వరసలు, 14 నిలువు వరసలుగా కలిపితే 19 పిన్నులు చాలు. ప్రో మైక్రో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి మామూలుగా వాడుకోదగ్గ పిన్నులు 18 మాత్రమే, ఒక్కటి తక్కువ. అందుకని రాస్ప్‌బెర్రీ పై పికో తీసుకున్నాను, అందులో 26 దొరుకుతాయి. కంట్రోలర్ ఒక్కో నిలువు వరసనీ ఒక్కో అడ్డు వరసతో జతకట్టి అక్కడి స్విచ్ మూసుకుందా లేదా అని చూస్తూ పోతుంది, సెకనుకి వేలసార్లు.

డయోడ్ ఎందుకంటే, ఒక దీర్ఘచతురస్రంలోని మూడు మూలల కీలు ఒకేసారి నొక్కితే కరెంటు ఆ మూడింటి గుండా చుట్టూ తిరిగి వచ్చి నాలుగో మూల కీ కూడా నొక్కినట్టే చూపిస్తుంది. ఒక్కో స్విచ్‌కి ఒక డయోడ్ పెడితే కరెంటు ఒకే దిక్కున పోతుంది, దొంగ కీ రాదు. 1ఎన్4148 డయోడ్లు వాడాను. ఒక చివర నల్ల గీత ఉంటుంది, అది కాథోడ్. గీత ఉన్న వైపు అడ్డు వరసకి, రెండో కాలు స్విచ్ పిన్నుకి, ఫర్మ్‌వేర్‌లో దిశ నిలువు నుంచి అడ్డుకి అని రాయాలి. గీతలన్నీ ఒకే వైపు చూస్తున్నాయో లేదో సోల్డర్ పెట్టకముందే ఒకసారి, పెట్టాక ఒకసారి వరసంతా చూసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

డయోడ్ల కాళ్లనే అడ్డు వరస తీగగా వాడుకోవచ్చు. ఒక్కో కాలు పక్క డయోడ్ కాలు మీదకి వంచి, తాకిన చోట సోల్డర్ పెడుతూ పోతే విడిగా తీగ వేయనక్కర్లేదు. నిలువు వరసలకి మాత్రం పైపొర ఉన్న ఒంటిపోగు తీగ వాడాను. స్విచ్ పిన్ను వచ్చే చోట మాత్రమే బ్లేడుతో ఆ పొర కొద్దిగా పక్కకి జరిపి రాగిని బయటపెట్టి పిన్నుకి చుట్టి అతికించాను. అడ్డు తీగలూ నిలువు తీగలూ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి కాబట్టి ఆ పొర తప్పనిసరి, ఎక్కడా రాగికి రాగి తగలకూడదు. ఐదు వరసలూ పూర్తయ్యాక బోర్డు వెనక్కి తిప్పి చూస్తే మగ్గం మీద పడుగూ పేకలా ఉంది, ప్లేటు మూసేయడానికి చేతులు రాలేదు.

63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, కానీ ఐరన్ మొన అంతకంటే చాలా వేడిగా పెట్టుకోవాలి, నేను 340 దగ్గర ఉంచాను. వేడి మొనని పిన్ను మీద ఎక్కువసేపు ఉంచితే స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి లోపలి రేకు పక్కకి జరుగుతుంది. ముందు ఫ్లక్స్, తర్వాత మొన, వెంటనే సోల్డర్, తీసేయడం, అంతే. కిటికీ తెరిచి ఉంచండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి, ఈ రెండూ చిన్న విషయాలు కావు.

పికో బోర్డుకి ఉండేది మైక్రో యూఎస్‌బీ. రోజూ తీసి పెట్టే చోట అది ఎక్కువ కాలం నిలవదని నా అభిప్రాయం, అందుకే చిన్న టైప్ సి బోర్డు కేసుకి బిగించి, దాని నుంచి రెండు డేటా తీగలు పికో అడుగున ఉండే టీపీ2, టీపీ3 అనే చుక్కలకి కలిపాను. టీపీ2 డేటా మైనస్, టీపీ3 డేటా ప్లస్. ఆ చిన్న బోర్డు కొనేటప్పుడు సీసీ లైన్ల మీద 5.1 కిలో ఓముల రెసిస్టర్లు రెండు ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్‌తో కరెంటే రాదు.

అన్నీ కలిపాక కంప్యూటర్‌కి పెట్టకముందు మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కో కీ నొక్కుతూ చూశాను. సరైన దిక్కున దాదాపు 0.6 వోల్టులు, తిప్పి పెడితే ఏమీ చూపించకూడదు. ఈ పరీక్ష ఓపిక తీసుకుంటుంది, కానీ దీని తర్వాత ఎక్కడైనా కీ పలకకపోతే తప్పు ఫర్మ్‌వేర్‌లోనే ఉందని ధీమాగా వెతకొచ్చు.

ఫర్మ్‌వేర్, ఈ వారమంతా

క్యూఎంకే అనే కీబోర్డు ఫర్మ్‌వేర్ వాడాను. పికో మీద బూట్‌సెల్ బటన్ నొక్కిపట్టి కేబుల్ పెడితే అది పెన్‌డ్రైవ్‌లా కనపడుతుంది, తయారైన ఫైల్ అందులో వేస్తే చాలు. పిన్నుల జాబితా, డయోడ్ దిశ, లేఅవుట్ రాసి వేసేసరికి ఇంగ్లిష్ అక్షరాలన్నీ పలికాయి. అసలు పని పొల్లు కీ దగ్గర.

కీబోర్డు కంప్యూటర్‌కి అక్షరాలు పంపదు, ఏ కీ నొక్కారో మాత్రమే చెప్తుంది. అది డి అయినా పొల్లు అయినా నిర్ణయించేది కంప్యూటర్‌లోని లేఅవుట్. క్యూఎంకేలో యూనికోడ్ పంపే సౌకర్యం ఉంది, లినక్స్ పద్ధతిలో అది కంట్రోల్, షిఫ్ట్, యూ కొట్టి తర్వాత నంబరు టైప్ చేస్తుంది. మనకి కావాల్సిన నంబరు 200సి. కంప్యూటర్ ఆ క్షణంలో ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది, ఇన్‌స్క్రిప్ట్‌లో సి కీ అంటే మ. నంబరు చివర మ పడి అంతా ఆగిపోతుంది. అంటే తెలుగు టైప్ చేస్తున్నప్పుడు ఈ దారి మూసుకున్నట్టే.

దారి లినక్స్ వైపు నుంచి దొరికింది. ఎక్స్‌కేబీలో (లినక్స్‌లో కీబోర్డు లేఅవుట్లు చూసే భాగం) స్పేస్‌బార్‌కి పై లెవెళ్లలో, అంటే షిఫ్ట్ లాంటి కీతో కలిపి నొక్కినప్పుడు, ఈ కనపడని అక్షరాన్ని ఇచ్చే ఆప్షన్లు ముందే ఉన్నాయి. రెండో లెవెల్‌లో పెడితే షిఫ్ట్ స్పేస్‌తో వస్తుంది, కానీ ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలు కొడుతూ షిఫ్ట్ వదలకుండా స్పేస్ నొక్కితే కోడ్ మధ్యలో కనపడని అక్షరం దూరుతుంది, ఆ తప్పు వెతకడం నరకం. అందుకే మూడో లెవెల్, అంటే కుడి ఆల్ట్‌తో స్పేస్. ఇప్పుడు పొల్లు కీ చేసేది ఇంతే: డి కీ ఒకసారి, వెంటనే కుడి ఆల్ట్‌తో స్పేస్ ఒకసారి. ఇన్‌స్క్రిప్ట్‌లో డి మీదే పొల్లు గుర్తు ఉంటుంది కాబట్టి రెండూ వరసగా పడతాయి.

ఇక్కడ రెండు సందులు పూడ్చాల్సి వచ్చింది. మొదటిది షిఫ్ట్. థ, ఖ లాంటివి షిఫ్ట్‌తో కొట్టి వేలు పూర్తిగా లేవకముందే బొటనవేలు పొల్లు కీ మీద పడితే, డి కాస్తా షిఫ్ట్ డి అయి పొల్లుకి బదులు అ పడుతుంది. అందుకని ఆ కీ నొక్కగానే ఫర్మ్‌వేర్ అప్పటికి నొక్కి ఉన్న మాడిఫయర్లని (షిఫ్ట్, ఆల్ట్ లాంటి కీలని) గుర్తుపెట్టుకుని, తీసేసి, రెండు నొక్కులూ పంపి, మళ్లీ వాటిని యథాస్థానంలో పెట్టేలా రాశాను. రెండోది భాష. ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు అదే కీ నొక్కితే అనవసరంగా ఒక డి పడుతుంది. కంప్యూటర్ ఏ భాషలో ఉందో కీబోర్డుకి తెలిసే మార్గం లేదు.

అందుకే ఆ రెండు విడి కీలు. మామూలు భాష మార్పు కీ ఒకటే ఉంటుంది, అటు ఉంటే ఇటు, ఇటు ఉంటే అటు. ఒకసారి లెక్క తప్పితే కీబోర్డూ కంప్యూటరూ చెరో భాషలో ఉండిపోతాయి. ఎక్స్‌కేబీలో ఇంకో ఆప్షన్ ఉంది: క్యాప్స్ లాక్ నొక్కితే మొదటి లేఅవుట్, షిఫ్ట్‌తో క్యాప్స్ లాక్ నొక్కితే రెండో లేఅవుట్, ఇప్పుడు ఎక్కడున్నామన్న దానితో సంబంధం లేదు. ఇది చూశాక నిజంగా సంతోషం వేసింది. నా తెలుగు కీ షిఫ్ట్‌తో క్యాప్స్ లాక్ పంపి తన లోపల తెలుగు లేయర్‌కి (ఏ కీ ఏం చేయాలో చెప్పే పట్టికకి) మారుతుంది, ఇంగ్లిష్ కీ ఉత్త క్యాప్స్ లాక్ పంపి మామూలు లేయర్‌కి వస్తుంది. ఎక్కడైనా తేడా వచ్చినా కావాల్సిన భాష కీ ఇంకోసారి నొక్కితే రెండూ కలుస్తాయి. ఇంగ్లిష్ లేయర్‌లో మధ్య కీకి అండర్‌స్కోర్ ఇచ్చాను.

ఆ కీనే నొక్కిపడితే బాణాల లేయర్ కూడా వచ్చేలా పెట్టి చూశాను. క్యూఎంకేలో నొక్కినది ట్యాపా, పట్టుకోవడమా అని తేల్చడానికి మామూలుగా 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. బొటనవేలు నెమ్మది, తర్వాతి హల్లు కొట్టేసరికి ఇంకా కీ మీదే ఉంటుంది, ఆ హల్లు కాస్తా బాణాల లేయర్‌లోకి పోతుంది. గడువు పెంచితే ఇంకో ఇబ్బంది. పొల్లు కీకి ఇంకే పనీ వద్దని తీసేశాను, బాణాలు క్యాప్స్ చోటున్న ఫంక్షన్ కీకే ఉండిపోయాయి.

పదం చివర పొల్లుకి ఈ కీ వాడకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. అక్కడ డి చాలు, ఎందుకంటే తర్వాత స్పేసే వస్తుంది, కలవడానికి హల్లు ఉండదు. అనవసరంగా కనపడని అక్షరం చివర ఉండిపోతే సెర్చ్‌లో ఆ పదం దొరకకపోవచ్చు.

కేసు, కీక్యాప్‌లు

15 యూనిట్లు గుణించు 19.05 అంటే 285.75 మిల్లీమీటర్లు. నా త్రీడీ ప్రింటర్ బెడ్ 220 చదరం, మూలగా పెట్టినా పట్టదు. కాబట్టి రెండు భాగాలు, మధ్యలో మెట్టులా గీసిన అతుకు, వేడితో దించిన ఎం3 ఇత్తడి నట్లు, అడుగునుంచి స్క్రూలు. అతుకు గీత సరిగ్గా పొల్లు కీ ముందు వస్తోంది, ఇసుక కాగితంతో రుద్దాక వేలికి తెలియట్లేదు. వైర్ల కింద పలుచటి ఫోమ్ పరిచాక ఖాళీ డబ్బా శబ్దం చాలావరకు తగ్గింది.

కీక్యాప్‌లు చెర్రీ ప్రొఫైల్ (ఆకారం), పీబీటీ ప్లాస్టిక్‌వి. విడి స్పేస్‌బార్ ముక్కలు సాధారణంగా మామూలు సెట్‌లో రావు, వేరే కిట్‌గా తీసుకోవాలి. మధ్య 1.25కి ఏ అక్షరమూ లేని మాడిఫయర్ క్యాప్ వేసి, దాన్ని 180 డిగ్రీలు తిప్పి పెట్టాను. కింది వరస క్యాప్‌ల ముందు అంచు ఎత్తుగా ఉండి బొటనవేలికి గుచ్చుకుంటుంది, తిప్పితే ఆ అంచు వెనక్కి పోతుంది. కీల మీద తెలుగు అక్షరాలు లేవు, నాకు అవసరం పడలేదు.

ఇప్పుడు ఉన్న స్థితి

బోర్డు బల్ల మీదే ఉంది, రోజూ వాడుతున్నాను. పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్ లాంటి పదాల దగ్గర చేయి ఆగట్లేదు. ఒక ప్రోగ్రాంలో మాత్రం రెండు నొక్కులూ మరీ దగ్గరగా వెళ్తే రెండోది అందేది కాదు, మధ్యలో 10 మిల్లీసెకన్ల విరామం పెట్టాక సర్దుకుంది.

మిగిలింది వెడల్పు. పొల్లు కీ వి, బి కీల కింద ఉంది, ఎడమ బొటనవేలు కొద్దిగా లోపలికి జరగాలి, వేగంగా కొట్టేటప్పుడు ఒక్కోసారి పక్కనున్న బ్యాక్‌స్పేస్ అంచు తగులుతోంది. రెండో ప్లేటు ఫైల్లో బ్యాక్‌స్పేస్‌ని 2 యూనిట్లకి తగ్గించి పొల్లు కీని 1.5 చేశాను, 2.75తో కలిపి మళ్లీ అదే 6.25. స్టెబిలైజర్ కోత మారదు, దాని చోటు మాత్రం 2.38 మిల్లీమీటర్లు ఎడమకి జరిగింది. ఫైల్ కటింగ్‌కి ఇచ్చాను.